ఓచరు ఒక్కటే, పద్దులు రెండు

ఒకే ఓచరును రెండు బిల్లులకు జతచేసి రెండుసార్లు సొమ్ము తీసుకుంటే దాన్ని మా ట్రెజరీలో డబుల్ డ్రాయల్ అనేవాళ్ళం. దొరికితే రికవరీ తప్పదు. పైఅధికారికి ఆ రోజు ఇంట్లో కాఫీ సరిగ్గా పడకపోతే ఛార్జి మెమో కూడా. నా చేతికి చిక్కినవాళ్ళలో ఒకాయన విజయనగరం క్యాంపుకి వెళ్ళొచ్చి, ఒక్క బస్సు టిక్కెట్టుతో రెండు నెలల టీఏ బిల్లులు లాగించబోయాడు. మొదటి బిల్లుకి అసలు టిక్కెట్టు, రెండోదానికి దాని జిరాక్సు. ఇదేమిటయ్యా అంటే, "రెండో టిక్కెట్టు పోయిందండీ, అందుకే జిరాక్సు పెట్టాను" అన్నాడు. పోయిన టిక్కెట్టుకి జిరాక్సు ఎలా తీశావని అడిగాను. ఆయన రిటైరయ్యాడు, నేనూ రిటైరయ్యాను, జవాబు మాత్రం ఇంకా రాలేదు.

అలా ఉద్యోగమంతా ఎర్రసిరాతో అబ్జెక్షన్లు రాస్తూ బతికినవాణ్ణి. డాలస్‌లో కొడుకింటికి వచ్చి, చారన్నం కలుపుకుంటున్నవేళ, సెలవులకి ఇంటికొచ్చిన సొంత మనవరాలు "తాతయ్యా, నేను రెండు కోర్సులు డబుల్ కౌంట్ చేసేశా" అంటే ముద్ద గొంతు దిగుతుందా?

"నెమ్మదిగా అనవే, ఎవరైనా వింటారు" అన్నాను.

అది పకపకా నవ్వింది. మా కోడలు "మంచి పని చేశావు, వేల డాలర్లు మిగిలాయి" అని మెచ్చుకుంది. మావాడు తలెత్తకుండానే "ఇంకోటి కూడా చెయ్యొచ్చేమో చూడు" అన్నాడు. నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ అప్పడం విరుస్తోంది. నా పెంపకంలోనే ఎక్కడో లోపం ఉందనుకుని చెయ్యి కడుక్కున్నాను.

మా రోజుల్లో డిగ్రీకి ఈ లెక్కలు లేవు. గ్రూపు తీసుకుంటే మూడు సబ్జెక్టులు గంపగుత్తగా వచ్చేవి. ఎంపీసీ అంటే లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ. బీజెడ్‌సీ అంటే చెట్లు, జంతువులు, మళ్ళీ కెమిస్ట్రీ. రెండుచోట్లా కెమిస్ట్రీ ఉందేమిటని ఎవరూ అడగలేదు. నేను బీకాంలో చేరింది వాణిజ్యం మీద ప్రేమతో కాదు. మా ఊరి బస్సు ఒంటిగంటన్నరకి. బీకాం క్లాసులు ఒంటిగంటకి అయిపోయేవి, ఎంపీసీ వాళ్ళకి మధ్యాహ్నం ల్యాబులుండేవి. మా కాలేజీలో నేను సొంతంగా ఎంచుకున్నది ఆ బస్సు ఒక్కటే.

మనవరాలు చదివేది ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో. లెక్కల్లో ఒక మేజర్, ఎకనామిక్సులో ఇంకో మేజర్, ఇవి చాలనట్టు ఫిలాసఫీలో మైనర్. ఫిలాసఫీ ఎందుకే అమ్మడూ, అసలే మీ నాన్న వేదాంతం మాట్లాడుతున్నాడు, ఇంట్లో ఒకరు చాలదా అంటే, "లాజిక్ కోర్సు ఎలాగూ చేస్తున్నా కదా తాతయ్యా, ఇంకో నాలుగైదు చేస్తే మైనర్ వచ్చేస్తుంది" అంది. ప్లేటో ఈ సమాధానం విని ఉంటే ఏథెన్సులో అకాడమీ పెట్టేముందు ఇంకోసారి ఆలోచించుకునేవాడు.

ఆ రాత్రి నిద్ర పట్టక, లెక్కేమిటో తేల్చుకుందామని మర్నాడు పొద్దున్నే దాన్ని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టాను. అది లాప్‌టాప్ తెరిచి "ఇదిగో నా డిగ్రీ ఆడిట్" అంది. ఆడిట్ అన్నది చెవిన పడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రింటు తీయమన్నాను. "ఎందుకు తాతయ్యా, స్క్రీన్ మీద చూడొచ్చు కదా" అంది. స్క్రీన్ మీద టిక్కు ఎలా పెడతాం?

పేజీలకు పేజీలు వచ్చాయి. పైన పేరు, ఏ సంవత్సరపు కేటలాగు వర్తిస్తుందో ఆ వివరం. మనిషి ఏ ఏడు చేరితే ఆ ఏటి నిబంధనలే చివరిదాకా వర్తిస్తాయిట. ఇది నాకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. మన దగ్గర 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవాడికి పాత పెన్షను, ఆ తర్వాత చేరినవాడికి సీపీఎస్. ఒక్కరోజు తేడాతో చేరిన ఇద్దరు ముసలితనంలో రెండు వేర్వేరు దేశాల పౌరుల్లా బతుకుతారు. ఆ కింద వరసగా అవసరాలు, ఒక్కోదాని పక్కన ఒక్కో కోర్సు. పూర్తయినవాటికి ఆకుపచ్చ టిక్కు, మిగిలినవాటికి ఎర్ర గడి. చూస్తున్నకొద్దీ ముచ్చటేసింది. ఇంత శుభ్రమైన రిజిస్టరు నా సర్వీసులో ఒక్క డ్రాయింగ్ ఆఫీసరూ పంపలేదు.

అసలు విషయం ఇది. అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీకి మామూలుగా 120 క్రెడిట్లు కావాలి. ఒక్కో కోర్సు ఎక్కువగా మూడు క్రెడిట్లు, అంటే సుమారు నలభై కోర్సులు. టెక్సస్ రాష్ట్రంలో అందులో 42 క్రెడిట్లు అందరికీ ఉమ్మడి కోర్. అమెరికా చరిత్రకి ఆరు, ప్రభుత్వం-రాజకీయాలకి ఆరు అందులోనే. పైన ఒక మేజర్ ముప్ఫై అయిదో నలభయ్యో తింటుంది, రెండోది ఇంకో అంత. మైనర్ మరో పద్దెనిమిది. దేనికది విడిగా కూడితే 120 ఎప్పుడో దాటిపోతుంది. పోనీ దాటితే ఏమైంది, పిల్ల చదువుకుంటుంది కదా అనుకుందామా? టెక్సస్ చట్టం ప్రకారం డిగ్రీకి కావలసినదాని కంటే ముప్ఫై క్రెడిట్లు మించి చదివితే, ఆ పైవాటికి ఆ రాష్ట్రపు పిల్లల దగ్గర కూడా బయటి రాష్ట్రంవాళ్ళ రేటు దాకా వసూలు చేసుకోవచ్చు. అంటే చదువు మరీ ఎక్కువైతే జరిమానా. మా నాన్న ఈ చట్టం గురించి వింటే నన్ను అక్కడే పుట్టించి ఉండేవాడు.

అందుకని ఒకే కోర్సును రెండు గడుల్లో చూపిస్తారు. మనవరాలు మొదటి ఏడు చేసిన కాలిక్యులస్ తీసుకోండి. ఉమ్మడి కోర్‌లో లెక్కల గడి దానితో నిండింది. లెక్కల మేజర్‌కి పునాది అదే. ఎకనామిక్సు వాళ్ళు మా కోర్సులకి కాలిక్యులస్ వచ్చి ఉండాలంటారు కాబట్టి అక్కడా ఒక టిక్కు. ఒక్క ఓచరు, మూడు ఆకుపచ్చ టిక్కులు! నేను ఎర్ర పెన్ను మూత తీశాను.

"ఆగు తాతయ్యా, టోటల్ చూడు" అంది.

చూశాను. నాలుగు క్రెడిట్ల కోర్సు అడుగున మొత్తంలో నాలుగుగానే ఉంది. పన్నెండు కాలేదు. అవసరాలు ఎన్నిచోట్లయినా తీరొచ్చుగానీ క్రెడిట్లు మాత్రం గ్రాండ్ టోటల్లోకి ఒక్కసారే వస్తాయి. అంటే సొమ్ము రెండుసార్లు డ్రా కావడం లేదు, పని రెండుచోట్ల నమోదవుతోంది, అంతే. పెన్ను మూత పెట్టాను. మా ఇంటి పరువు నిలబడింది.

అయినా పూర్తిగా నమ్మకం కుదరలేదు. నా బుర్ర నిండా ఉన్నది సర్కారు లెక్క. అక్కడా మేజర్ హెడ్ ఉంటుంది, మైనర్ హెడ్ ఉంటుంది. సాధారణ విద్యకి 2202. దాని కింద సబ్ మేజర్, మైనర్, ఇంకా కిందికి వెళ్తే టీచర్లందరూ కలవరించే 010 జీతాల పద్దు. ఒక్క రూపాయి ఆ మెట్లన్నీ దిగి ఒక్కచోటే కూర్చోవాలి. విద్యాశాఖ జీతాన్ని వైద్యశాఖలో కూడా చూపిస్తానంటే ఏజీ ఆఫీసువాళ్ళు మనిషిని పంపిస్తారు. ఇక్కడేమో ఒక్క కోర్సు మూడు శాఖల్లో తిరిగొస్తోంది, పట్టుకునేవాడు లేడు.

లేకేం, ఉన్నాడు. ఎక్కడికక్కడ నిబంధన ఉంది, ఒక్కోచోట ఒక్కోరకంగా. యేల్‌లో రెండు మేజర్లు చేసేవాళ్ళకి ఆ రెండింటి మధ్య ఉమ్మడిగా రెండు కోర్సుల కంటే ఎక్కువ ఉండకూడదు, పునాది కోర్సులకి మాత్రం మినహాయింపు. స్టాన్‌ఫర్డ్‌లో పునాది లెక్కల్లాంటివి తప్ప రెండు మేజర్లకీ ఉమ్మడి కోర్సులే కుదరవు. ప్రిన్స్‌టన్ అయితే డబుల్ మేజర్ అన్న ఊసే పెట్టుకోలేదు. ఎంత తెలివైనవాడికైనా ఒక్కటే మేజర్, కావాలంటే పక్కన మైనర్. మా మనవరాలి విశ్వవిద్యాలయం వీటి మధ్యలో ఎక్కడో ఉంది. కింది తరగతి కోర్సులు ఎన్నయినా కలవొచ్చు, పైతరగతి కోర్సులు మాత్రం కొన్నే. మైనర్‌కి ఇన్ని క్రెడిట్లు ఇంకెక్కడా వాడనివై ఉండాలని ఇంకో షరతు. షరతు కింద నక్షత్రం గుర్తు. నక్షత్రం దగ్గరికి వెళ్తే 'మీ శాఖని సంప్రదించండి'. ఈ నక్షత్రాలు రాసినవాడు ఎవడోగానీ ముమ్మాటికీ మావాడే. మా ఆఫీసులో చేరి ఉంటే సూపరింటెండెంటుగా రిటైరయ్యేవాడు.

ఈ మేజర్లూ మైనర్లూ ఎక్కడివి అని తవ్వితే చాలా దూరం వెళ్ళింది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం 1877–78 కేటలాగులో ఆ పేర్లు కనిపిస్తాయట. అదే కాలంలో హార్వర్డ్‌లో చార్లెస్ ఎలియట్ అని ఒక అధ్యక్షుడు 1869 నుంచి నలభై ఏళ్ళు కుర్చీలో ఉండి, ఏ కోర్సు చదవాలో విద్యార్థి ఇష్టమే అని తలుపులు బార్లా తెరిచాడు. మధ్యాహ్నం బస్సున్న మాలాంటివాళ్ళు అక్కడా ఉంటారు కదా, సుఖంగా ఉన్న కోర్సులన్నీ ఏరుకున్నారు. 1909లో ఆయన తర్వాత వచ్చిన లోవెల్, ఇదిలా కాదని, కొంత చదువు ఒకేచోట లోతుగా ఉండాలి, కొంత నాలుగు దిక్కులా ఉండాలి అని పట్టాలు వేశాడు. ఈనాటి మేజర్, ఉమ్మడి కోర్ రెండూ ఆ పట్టాల మీద నడిచేవే.

ఇదంతా నేను కళ్ళజోడు తుడుచుకుంటూ మర్యాదకి చదివాను. కుర్చీలోంచి లేచి నిలబడింది మాత్రం క్రెడిట్ పుట్టుక దగ్గర.

1905లో ఆండ్రూ కార్నెగీ అనే ఉక్కు కుబేరుడు కోటి డాలర్లు పక్కన పెట్టాడు. ఎందుకనుకున్నారు? కాలేజీ మాస్టర్లకి పెన్షను ఇవ్వడానికి! డబ్బు ఉంది, మాస్టర్లు ఉన్నారు, చిక్కల్లా కాలేజీ అంటే ఏమిటన్నదానితో వచ్చింది. ఆ రోజుల్లో హైస్కూలు పాఠాలు చెబుతూ బోర్డు మీద కాలేజీ అని రాసుకున్నవి బోలెడు. ఎవరికి పెన్షను ఇవ్వాలి, ఎవరికి అక్కర్లేదు? అప్పుడు కార్నెగీ ఫౌండేషన్ ఒక కొలత పెట్టింది. హైస్కూల్లో ఒక సబ్జెక్టు ఏడాదిలో సుమారు 120 గంటలు చదివితే ఒక యూనిట్. అలాంటి పద్నాలుగు యూనిట్లు ఉన్న పిల్లల్ని చేర్చుకునేదే కాలేజీ. మాస్టర్ల పెన్షను కోసం కాలేజీలు పిల్లల గంటలు లెక్కపెట్టడం మొదలుపెట్టాయి. 1910లో ఇదే ఫౌండేషన్ కోసం మోరిస్ కుక్ అనే ఇంజనీరు, కర్మాగారాలను చూసే కంటితో కాలేజీలను చూసి ఒక నివేదిక రాశాడు. తరగతి గదిలో విద్యార్థి గడిపే గంటను లెక్కకి ప్రమాణంగా తీసుకోమన్నాడు. అలా గంట క్రెడిట్ అయింది, క్రెడిట్లు కలిసి డిగ్రీ అయ్యాయి.

"ఏవండీ, ఎందుకలా నవ్వుకుంటున్నారు?" అంది మా ఆవిడ.

"పెన్షన్ కాగితమేనే! ఈ అమెరికా చదువంతా పెన్షన్ కాగితం మీద లేచిన మేడ!" అన్నాను. మా ఆవిడ బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగింది. ఏటా బతికే ఉన్నానని సర్టిఫికెట్టు ఇస్తే తప్ప పెన్షను రాని నాలాంటివాడికి ఈ వార్త ఎంత ఆప్తంగా ఉంటుందో పెన్షనర్లకే తెలుస్తుంది. ఆనాటి నుంచీ మనవరాలి విశ్వవిద్యాలయాన్ని నేను పరాయిదిగా చూడలేదు.

మన దగ్గరా ఈ లెక్కలు వచ్చేశాయి లెండి. ఆంధ్రప్రదేశ్‌లో 2023–24 నుంచి డిగ్రీలో మూడు సబ్జెక్టుల గ్రూపు పోయి ఒక మేజర్, ఒక మైనర్ వచ్చాయి. యూజీసీ లెక్కలో మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ళ ఆనర్సుకి 160. అమెరికా పిల్లలు నాలుగేళ్ళలో పోగేసే సంఖ్యని మనవాళ్ళు మూడేళ్ళకే పోగేస్తారన్నమాట. క్రెడిట్లు దాచుకోవడానికి 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని ఒక బ్యాంకు కూడా పెట్టారు. కాకినాడలో చదివే మా తమ్ముడి మనవణ్ణి "నీ ఖాతాలో ఎంతుందిరా" అని ఫోన్లో అడిగితే, "మినిమమ్ బ్యాలెన్స్ ఉంది తాతా, కంగారుపడకు" అన్నాడు. వాడిది ఏ మైనర్ అంటే కాసేపు ఆలోచించి, "కాలేజీలో ఏ మాస్టారు ఖాళీగా ఉంటే అది" అన్నాడు.

డబుల్ కౌంటింగు నా మనసుకి పూర్తిగా ఎక్కింది మాత్రం ఒక శనివారం నాడు. మావాడి స్నేహితుడు ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాడు. గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం, పిల్లాడి మొదటి పుట్టినరోజు, మూడూ ఒకటే రోజు, ఒకటే క్యాటరింగు. విఘ్నేశ్వరపూజ ఒక్కసారే చేయించారు. పుణ్యాహవాచనం ఒక్కసారే. ఆ నీళ్ళే ఇంటి మీద చల్లారు, వ్రతం పీటల మీద చల్లారు, పిల్లాడి నెత్తిన కూడా నాలుగు చుక్కలు చల్లారు. మనవరాలు నా చెవిలో "అదే తాతయ్యా ఉమ్మడి కోర్, మూడు మేజర్లకీ కౌంట్ అవుతుంది" అంది. వ్రతకథలు మాత్రం అయిదూ చదవాల్సిందే, అవి వ్రతానికే సొంతం, ఇంకెక్కడా వాడరాదు. మా ఆవిడ కవరు చేతిలో పట్టుకుని "మూడు ఫంక్షన్లకి ఒక్క గిఫ్టు కార్డేనా, బావుంటుందా" అని గొణుగుతోంది. ఇంతలో పురోహితుడుగారి లెక్క తేలింది. ఆయన సంభావన మూడింటికీ విడివిడిగా తీసుకున్నారు. మంత్రాల్లో డబుల్ కౌంటింగు ఒప్పుకున్న మహానుభావుడు దక్షిణ దగ్గర స్టాన్‌ఫర్డ్ నిబంధన పెట్టారు. ఇంటాయన నోరెత్తకుండా ఇచ్చుకున్నాడు.

దాంతో నాకు అర్థమయింది, శాఖలు ఎందుకు గింజుకుంటాయో. లెక్కల శాఖవాళ్ళు తమ మేజర్ అంటే ఇన్ని కోర్సులు అని ఒక ధర కట్టుకున్నారు. అందులో సగం ఎకనామిక్సు ఖాతాలో ఇప్పటికే చెల్లిపోయాయంటే, ఆ మేజర్ సగం ధరకి పోయినట్టే కదా అని వాళ్ళ బాధ. ఈ బాధలో న్యాయం ఉంది. మా వీధి చివర ఇంటి కుర్రాడు డేటా సైన్సు మేజర్ చేస్తూ స్టాటిస్టిక్సు, లెక్కలు, కంప్యూటర్ సైన్సు మూడింటిలోనూ మైనర్లు రాసుకున్నాడు. కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కోర్సులన్నీ ఒక పక్క రాయించాను. అవే కోర్సులు నాలుగుచోట్ల దర్శనమిస్తున్నాయి. అంత చదువూ ఒక్క మనిషి ఒక్కసారి చదివినదే, పేర్లు మాత్రం నాలుగు. "బాబూ, రెజ్యూమెలో కాకుండా నీలో ఎన్ని మైనర్లున్నాయి?" అంటే "సున్నా తాతగారూ" అని నిజాయితీగా ఒప్పుకున్నాడు. అలాంటి వాటికి నిబంధన ఉండాల్సిందే. ఆడిటువాడిగా ఇది నా నిశ్చితాభిప్రాయం.

కానీ ఆ నిబంధనే తిరగబడ్డ చోటు ఒకటుంది. మనవరాలు లెక్కల శాఖలో ప్రాబబిలిటీ, ఆ తర్వాత మ్యాథమెటికల్ స్టాటిస్టిక్సు చదివింది. ఎకనామిక్సు మేజర్‌లో ఎకనామిక్ స్టాటిస్టిక్సు అని ఒక గడి ఎర్రగా ఉంది. సైకాలజీ వాళ్ళకీ ఇలాంటిదే సొంతంగా ఒకటుంది, వ్యాపారశాస్త్రం వాళ్ళకి ఇంకోటి. సగటు అన్ని శాఖల్లోనూ సగటే. లెక్కల్లో రంగురంగుల బంతులున్న పాత్రతో చెబుతారు, ఎకనామిక్సులో జీతాలతో చెబుతారు, సైకాలజీలో ఎలుకలతో. సరే, పోయి ఎకనామిక్సు వాళ్ళది కూడా చేసేద్దామా అంటే, ఇంతకంటే పెద్ద కోర్సు ఇప్పటికే చేసినవాళ్ళకి ఈ చిన్న కోర్సుకి క్రెడిట్ ఇవ్వబడదని కింద నక్షత్రం. పోనీ చేసిన పెద్ద కోర్సునే ఇక్కడ చూపిద్దామా అంటే, రెండు మేజర్ల మధ్య కలవగలిగిన పైతరగతి కోర్సుల కోటా అప్పటికే నిండిపోయింది. చెయ్యకపోతే గడి నిండదు, చేస్తే క్రెడిట్ రాదు, చేసినది చెల్లదు. మా ఆఫీసులో ఇలాంటి ఫైళ్ళను పైఅరలో పెట్టి, సంబంధిత గుమాస్తా బదిలీ అయ్యేదాకా ఆగేవాళ్ళం.

దీనికో పిటిషన్ ఉంటుందిట. ఉత్సాహం ఆపుకోలేక నేనే ముసాయిదా రాసిచ్చాను. 'పై విషయమై తమ దయతో కూడిన పరిశీలనకై సమర్పించుకొనునది ఏమనగా' అని మొదలుపెట్టి, జతపరిచిన పత్రాల జాబితా, ఈ కోర్సు ఇంతకుముందు మరే పద్దులోనూ అక్రమంగా వాడబడలేదని ఒక నాన్-డ్రాయల్ సర్టిఫికెట్టు కూడా చేర్చాను. మనవరాలు భక్తిగా చదివి, ముద్దు పెట్టుకుని, తను మూడు వాక్యాల ఈమెయిల్ పంపింది. నా సర్టిఫికెట్టు ఎక్కడ పెట్టావే అంటే "ఫ్రేమ్ కట్టిస్తా తాతయ్యా" అంది.

వారంలో జవాబు వచ్చింది. ఎకనామిక్ స్టాటిస్టిక్సు చెయ్యక్కర్లేదు, ఆ అవసరం రద్దు చేశాం. అయితే రద్దయింది అవసరమే, క్రెడిట్లు కాదు. ఆ మూడు క్రెడిట్లకీ ఎకనామిక్సులోనే పైతరగతి కోర్సు ఏదైనా చేసి భర్తీ చెయ్యాలి. పిల్ల మొహం ముడుచుకుంది. నేనుమాత్రం ఆ ఉత్తరాన్ని రెండోసారి చదివించుకున్నాను. అబ్జెక్షన్ ఎత్తేస్తూనే సొమ్ము సర్దుబాటు చేయించిన తీరు చూడండి! అటు నియమం చెడలేదు, ఇటు పిల్ల తెలిసిన పాఠాన్ని మళ్ళీ వినక్కర్లేదు. ఆ గుమాస్తా ఎవరో చెయ్యి కలపాలనిపించింది.

నాకు నిజంగా బాధ కలిగించింది ఇంకోటి. ఆడిట్ కాగితాల్లో చిట్టచివర ఒక పెట్టె ఉంటుంది, ఏ అవసరానికీ వర్తించని కోర్సులని. మనవరాలికి చిన్నప్పటి నుంచీ పక్షుల పిచ్చి. పెరట్లోకి వచ్చే ఎర్ర కార్డినల్‌ని చూస్తూ నా కాఫీ చల్లార్చిన రోజులున్నాయి. వాళ్ళ బయాలజీ శాఖలో పక్షుల కోర్సు ఒకటుంది. ప్రతి సెమిస్టరూ దాన్ని బండిలో వేసుకోవడం, కంప్యూటర్లో 'వాట్ ఇఫ్' అనే బొత్తాం నొక్కి ఏ గడికైనా సరిపోతుందేమో చూడటం, చివరి పెట్టెలోనే పడుతోందని తీసెయ్యడం. ఆ వాట్ ఇఫ్ బొత్తాం మామూలుది కాదు. రేపు నువ్వు భూగర్భశాస్త్రం మేజర్ అయితే ఎలా ఉంటావో ఇవాళే చూపిస్తుంది. మావాడు ఒకరాత్రి రహస్యంగా కూతుర్ని ప్రీ-మెడ్ పెట్టి చూపించమన్నాడని తర్వాత తెలిసింది. అన్ని రకాల జీవితాలనీ చూపించే ఆ బొత్తాం, పక్షుల కోర్సు దగ్గరికి వచ్చేసరికి 'వర్తించదు' అంటోంది. ఇప్పటి పిల్లలు కోర్సు పేరు చూడరు, ఎన్ని టిక్కులు పడతాయో చూస్తారు. రెండు టిక్కులది మంచి కోర్సు, మూడు టిక్కులది మహా కోర్సు, టిక్కు లేనిది ఎంత ఇష్టమైనా వ్యసనం కింద లెక్క. పెన్షన్ కోసం పుట్టిన కొలబద్దతో పిట్టల్ని కొలిస్తే ఇంతే మరి.

"ఎన్నాళ్ళు తీసేస్తావే, ఈసారి చేసెయ్" అన్నాను.

"అది దేనికీ కౌంట్ అవదు తాతయ్యా. దుబారా."

దుబారా! ముప్ఫై పైన క్రెడిట్ల జరిమానాకి ఇంకా ఎంత దూరంలో ఉందో వేలు పెట్టి కూడి చూపించాను. బోలెడు జాగా ఉంది. డబ్బులు నా పెన్షన్‌లోంచి ఇస్తానన్నాను. మావాడు "నాన్నగారూ, మూడు క్రెడిట్లు ఎంతో తెలుసా మీకు" అన్నాడు. తెలుసుకున్నాను. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేక సగం ఇస్తానన్నాను. మిగతా సగం మా కోడలు నిశ్శబ్దంగా వేసింది.

వేసవి సెషన్‌లో చేరింది. తెల్లవారుజామున అయిదింటికి దుర్భిణీ మెళ్ళో వేసుకుని చెరువుల వెంట తిరగడమేట క్లాసంటే. ఆడిట్ కాగితంలో ఆ కోర్సు అనుకున్నట్టే చివరి పెట్టెలో ఒంటరిగా కూర్చుంది. రోజూ రాత్రి ఫోన్ చేసి ఆ రోజు చూసిన పిట్టల పేర్లు చెబుతుంటే, రెండు ముక్కలు మాట్లాడి పడుకునే పిల్ల ఇంతసేపు మాట్లాడుతోందేమిటని మా ఆవిడ మురిసిపోయింది. నేను కూడా, సరే, ఒక్క ఓచరైనా ఏ పద్దులోకీ పోకుండా ఉండిపోయిందిలే అనుకున్నాను.

నిన్న పొద్దున్నే ఫోన్. గొంతులో హుషారు.

"తాతయ్యా! మా బర్డ్స్ ప్రొఫెసర్ చెప్పారు, ఇంకో అయిదు కోర్సులు చేస్తే ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్‌లో మైనర్ వస్తుందిట! ఇది కౌంట్ అవుతుందిట!"

తప్పమ్మా, ఆ పిట్టల్ని వదిలెయ్, అన్నిటికీ లెక్కలు కట్టకూడదు అని పెద్దమనిషిలా చెబుదామని నోరు తెరిచాను.

"ఆ అయిదులో," అన్నాను, పెన్ను వెతుక్కుంటూ, "ఎకనామిక్సులో కలిసేవి ఎన్ని?"